మార్పులు చేసిన కారు త్వరణాన్ని నమ్మకంగా కొలవడం ఎలా? ఒకే కారుకు ఇన్ని అంకెలు ఎందుకు వస్తున్నాయి?

నాలుగోగేరు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నాది రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిను కారు. ఇంజిను శక్తి నాలుగు చక్రాలకూ వెళుతుంది, గేర్‌బాక్సు డ్యూయల్ క్లచ్ రకానిది. కంపెనీ చెప్పిన లెక్క 300 హార్స్‌పవర్. ఏడాదిగా ఒక్కొక్కటిగా పెద్ద ఇంటర్‌కూలరు (టర్బో వేడెక్కించిన గాలిని చల్లార్చేది), వెడల్పాటి డౌన్‌పైపు (టర్బో నుంచి పొగను బయటికి తీసుకుపోయే గొట్టం), కొత్త ఎయిర్ ఇన్‌టేకు బిగించుకుని, చివరికి ఈసీయూలో, అంటే ఇంజినును నడిపే కంప్యూటరులో, కొత్త మ్యాపు (ఇంజిను నడిచే తీరును నిర్ణయించే లెక్కల పట్టిక) వేయించాను. పాత 225/40 ఆర్18 టైర్లు అరిగిపోవడంతో వాటి బదులు 245/40 ఆర్18 టైర్లు వేయించాను. ఇంత ఖర్చూ శ్రమా పెట్టాక కారు నిజంగా ఎంత మారిందో ఒక అంకెలో చెప్పగలగాలన్నది నా కోరిక. ఆ అంకె దగ్గరే చిక్కు వచ్చిపడింది.

మార్పులకు ముందు ఫోనులోని ఒక యాప్‌తో కొలిస్తే 0 నుంచి 100 కి.మీ. వేగానికి 5.0 సెకన్లు వచ్చింది. అప్పట్లోనే స్పీడోమీటరును వీడియో తీసి, ముల్లు 100 దగ్గర నుంచి 200 దగ్గరకు చేరడానికి పట్టిన కాలాన్ని లెక్కిస్తే 12.9 సెకన్లు తేలింది. మార్పుల తర్వాత సెకనుకు 25 సార్లు వేగాన్ని నమోదు చేసే జీపీఎస్ పరికరం కొన్నాను. అది ఒకే పరుగుకు రెండు అంకెలు చూపిస్తోంది. 0–100కు ఒకచోట 3.9 అని, మరోచోట 4.2 అని ఉంది. 100–200కు ఇప్పటివరకు మూడు పరుగులు తీశాను: 9.6, 10.3, 10.4. వీటిలో మొదటిది ఒక ప్రైవేటు టెస్టు ట్రాకుకు వెళ్లే, రాకపోకలు లేని దారిలో తీసినది. మిగిలిన రెండూ విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద, అనుమతి తీసుకుని తీసినవి. ఇక డైనో (ఇంజిను శక్తిని కొలిచే యంత్రం) మీద పెట్టించినప్పుడు చేతికిచ్చిన కాగితం 412 హార్స్‌పవర్ అంటోంది.

వీటిలో దేన్ని నమ్మాలి? 9.6 సెకన్లు అని చెప్పుకోవడం న్యాయమేనా? ముందున్న కారుకూ ఇప్పటి కారుకూ తేడా ఎంతో తేల్చడానికి ఈ పాత అంకెలు ఏమైనా పనికొస్తాయా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

కొలతబద్ద:

ముందుగా 3.9, 4.2ల సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్క విషయం తెలియక ఎంతోమంది రెండు వేరువేరు కార్ల అంకెలను పక్కపక్కన పెట్టి వాదించుకుంటూ ఉంటారు. ఆ రెండూ నిజమే. తేడా అంతా గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నదానిలో ఉంది.

డ్రాగ్ స్ట్రిప్ (నిలబడిన చోటు నుంచి తిన్నగా పరుగెత్తే పందేల ట్రాకు) మీద కారును నిలబెట్టే చోట నేలకు కొద్ది ఎత్తులో రెండు కాంతి కిరణాలు అడ్డంగా ఉంటాయి. ముందు టైరు రెండో కిరణాన్ని అడ్డుకునేలా డ్రైవరు కారును నిలుపుతాడు. దీపం వెలిగినప్పుడు కాదు, టైరు కదిలి ఆ కిరణాన్ని వదిలిపెట్టినప్పుడు గడియారం నడవడం మొదలవుతుంది. టైరు గుండ్రంగా ఉంటుంది కనుక, కిరణం దాని అడుగు భాగాన్ని తాకుతుంది కనుక, కారు సుమారు ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్లు ముందుకు జరిగేదాకా కిరణం టైరు వెనకే ఉండిపోతుంది. ఆ ముప్పై సెంటీమీటర్లనే రోలౌట్ అంటారు. చాలా పత్రికలు, పరికరాల తయారీదారులు డ్రాగ్ స్ట్రిప్ సంప్రదాయాన్ని అనుసరించి ఈ దూరాన్ని కాలం నుంచి తీసివేస్తారు. మీ కారు మొదటి క్షణాల్లో భూమి గురుత్వ త్వరణంలో 80 శాతం త్వరణంతో కదిలిందనుకుంటే, ఆ అడుగు దూరానికి 0.28 సెకన్లు పడుతుంది, అది దాటేసరికి కారు గంటకు 8 కి.మీ. వేగంతో పోతూ ఉంటుంది. అంటే 3.9 అన్న అంకె 0 నుంచి 100కు కాదు, 8 నుంచి 100కు పట్టిన కాలం. ఎవరి అంకెతో పోల్చినా వారిది రోలౌట్ తీసినదా, తీయనిదా అని ముందు అడగండి.

ఇంకొక మాట. మీ మార్పులను తూచడానికి 0–100 తగిన త్రాసు కాదని నా అభిప్రాయం. ఇంజిను ఎంత బలమైనదైనా నేలను తోసేది టైరే. టైరుకూ నేలకూ మధ్య ఘర్షణ గుణకం 1 అనుకుంటే, నాలుగు చక్రాలూ పూర్తిగా పట్టు నిలుపుకున్నా 100కు చేరడానికి 2.8 సెకన్ల కంటే తక్కువ పట్టడం సాధ్యం కాదు. జిగురు పూసి సిద్ధం చేసిన డ్రాగ్ స్ట్రిప్ మీద ఆ గుణకం పెరుగుతుంది, ఇసుక పరుచుకున్న తారు మీద బాగా తగ్గుతుంది. మీ 4.2 సెకన్లలో మొదటి ఒకటిన్నర సెకను టైరు రబ్బరు, దాని గాలి ఒత్తిడి, క్లచ్‌లు పట్టుకునే తీరు, మీ లాంచ్ (నిలబడిన చోటు నుంచి బయలుదేరడం) నైపుణ్యం కలిసి నిర్ణయించినది. కొత్త మ్యాపు పాత్ర అందులో స్వల్పం.

గేరు మార్పు అనే మాయ కూడా ఇందులో ఉంది. మీ కారు రెండో గేరు ఏ వేగం దగ్గర అయిపోయేదో చూసి చెప్పండి. ఒకవేళ అది 98 కి.మీ. దగ్గర అయిపోయేదైతే, 100 అందుకోవడానికి మూడో గేరుకు మారక తప్పేది కాదు. మీ కొత్త టైర్ల వ్యాసం 653 మిల్లీమీటర్లు, పాతవాటిది 637. రెండున్నర శాతం పెద్దవి. అదే రెండో గేరు ఇప్పుడు 100 దాటేవరకు లాగుతుంది. ఇంజినులో ఒక్క మరను కూడా ముట్టకుండానే గేరు మార్చే సమయం కొంత కలిసొస్తుంది. డ్యూయల్ క్లచ్‌లో అది సెకనులో పదో వంతే కావచ్చు, చేత్తో మార్చే గేర్‌బాక్సులో అయితే సెకనులో పదింట నాలుగు వంతుల వరకు ఉంటుంది.

అందుకే 100–200 కొలవండి. ఆ వేగాల మధ్య టైరు జారదు, లాంచ్ ఊసే లేదు. 75 లేదా 80 దగ్గరే పూర్తిగా యాక్సిలరేటరు తొక్కితే 100 వచ్చేసరికి టర్బో పూర్తి బూస్టుకు (ఇంజినులోకి గాలిని నెట్టే ఒత్తిడికి) చేరి ఉంటుంది. ప్రతిసారీ అదే గేరులో, అదే వేగం దగ్గర తొక్కడం మాత్రం మరువకండి.

వాయునిరోధం:

9.6 గురించి నేను చెబుతాను. ఆ పరుగు ఫైలు తెరిచి, 100 దగ్గర కారు ఉన్న ఎత్తెంతో, 200 దగ్గర ఎత్తెంతో చూడండి. ఆ దారి వాలుగా ఉందని నా గట్టి అనుమానం.

వాలు ఎంత మోసం చేస్తుందో లెక్క వేసి చూద్దాం. ఒక శాతం వాలు అంటే వంద మీటర్ల దూరానికి ఒక మీటరు పల్లం. నిలబడి చూస్తే కంటికి ఆనదు. కానీ ఆ వాలులో గురుత్వం కారును సెకనుకు సెకనుకు 0.098 మీటర్ల త్వరణంతో ముందుకు లాగుతూనే ఉంటుంది. 100 నుంచి 200కు 10.3 సెకన్లు పడితే మీ కారు సగటు త్వరణం 2.70. దానికి 0.098 కలిపితే 10.3 కాస్తా 9.94 అవుతుంది. ఇంజినులో ఏ మార్పూ లేకుండా మూడో వంతు సెకనుకు పైగా లాభం! పరికరాలు అమ్మేవారు ఒక శాతం కంటే ఎక్కువ పల్లం ఉన్న పరుగులను చెల్లనివిగా చూపించే ఏర్పాటు చేయడానికి కారణం ఇదే. అయితే ఒక శాతం లోపు పల్లానికి ఆమోదముద్ర పడుతుంది కనుక, ఆ ముద్ర ఒక్కటే చూసి సంతృప్తి పడకూడదు.

దీనికి మందు సులువైనదే. ఒకే దారిలో రెండు దిక్కులా పరుగెత్తి సగటు తీయాలి. ఒక దిక్కులో వాలు ఇచ్చినదాన్ని ఎదురు దిక్కులో దాదాపు అంతా తిరిగి తీసేసుకుంటుంది. గాలికి కూడా ఇది చాలావరకు పనిచేస్తుంది. 150 కి.మీ. వేగంతో పోతున్నప్పుడు ఎదురుగా 10 కి.మీ. గాలి వీచినా వాయు నిరోధం దాదాపు 14 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది వేగానికి వర్గంగా పెరిగేది. వెనక నుంచి వీస్తే తగ్గుదల పెరుగుదలకు అచ్చంగా సమానం కాదు కనుక, గాలి బలంగా ఉన్న రోజు కొలత మానుకోవడమే మేలు.

ఇక డైనో కాగితం. మీ కారు బరువు, మీతోనూ పెట్రోలుతోనూ కలిపి, తూకం వేయించి ఉంటే చెప్పండి. ప్రస్తుతానికి 1,620 కిలోలు అనుకుంటాను. ఆ బరువును 100 నుంచి 200 వేగానికి తీసుకుపోవడానికి కావలసిన గతిజ శక్తి 18.75 లక్షల జౌళ్లు. దాన్ని 10.35 సెకన్లతో భాగిస్తే 181 కిలోవాట్లు. దీనికి గాలిని చీల్చుకుపోవడానికి సగటున సుమారు 35 కిలోవాట్లు, టైర్లు దొర్లడానికి 8, చక్రాలనూ తిరిగే భాగాలనూ వేగవంతం చేయడానికి మరొక 7 కలిపితే 231 కిలోవాట్లు, అంటే దాదాపు 310 హార్స్‌పవర్. ఇది చక్రాల దగ్గర లభించిన సగటు శక్తి అని గుర్తుంచుకోండి. గేరు మారే క్షణాలు, ఇంజిను గరిష్ఠ శక్తికి దూరంగా తిరిగే క్షణాలు అన్నీ ఈ సగటులో కలిసి ఉన్నాయి. గరిష్ఠం దీనికంటే కొంత పైన ఉంటుంది, క్రాంక్ దగ్గర, అంటే గేర్‌బాక్సుకు చేరకముందు ఇంజిను దగ్గరే, మరికొంత పైన ఉంటుంది. 380, 390 అని ఉంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. 412 కొంచెం ఎక్కువగా కనిపిస్తోంది.

ఆ ఎక్కువ ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం మూలన చూడండి. డైనో గదిలోని ఉష్ణోగ్రత, గాలి ఒత్తిడి ఏ రోజుకారోజు మారుతుంటాయి కనుక, ఫలితాన్ని ఒక ప్రామాణిక వాతావరణానికి సవరిస్తారు. వాహన ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ రూపొందించిన జె1349 ప్రకారం అయితే ఆ ప్రామాణికం 25 డిగ్రీలు, 99 కిలోపాస్కళ్లు. పాత జె607 ప్రకారం అయితే చల్లటి, దట్టమైన గాలి. అందువల్ల పాత పద్ధతిలో అదే ఇంజిను సుమారు నాలుగు శాతం ఎక్కువ చూపిస్తుంది. 412ను 1.04తో భాగిస్తే 396. పైగా ఈ సవరణలు టర్బో లేని ఇంజిన్లకే బాగా సరిపోతాయి. టర్బో ఉన్న కారులో బూస్టును అదుపుచేసే వ్యవస్థ బయటి గాలి పలచబడినా చాలావరకు సర్దుకుంటుంది. దానికి పూర్తి సవరణ వేస్తే ఇంజిను పోగొట్టుకోని శక్తిని కూడా తిరిగి ఇచ్చినట్టవుతుంది.

నాలుగోగేరు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. వాయునిరోధం గారి అనుమానమే నిజమైంది. 9.6 వచ్చిన పరుగులో కారు 430 మీటర్ల దూరంలో ఐదున్నర మీటర్లు కిందికి దిగింది. అంటే 1.3 శాతం వాలు. అసలు ఆ పరుగు పక్కన చిన్న ఎర్ర గుర్తు ఉంది, నేను దాన్ని పట్టించుకోలేదు. వాలు తీసేసి లెక్క వేసుకుంటే 10.04 వచ్చింది. ఆ 9.6ను ఇక ఎక్కడా చెప్పను.

కొలతబద్ద గారు అడిగిన రెండో గేరు విషయం కూడా పాత వీడియోలో చూశాను. ముల్లు 100 దాటకముందే మూడో గేరు పడింది. ఇప్పుడు 100 దాటాక పడుతోంది. బరువు తూకం వేయించాను, నాతో కలిపి, అర ట్యాంకు పెట్రోలుతో 1,620 కిలోలే వచ్చింది. డైనో కాగితం మీద సన్నటి అక్షరాల్లో జె607 అనే ఉంది.

నా మిగిలిన బాధ పాత కొలతల గురించి. ఫోను యాప్ ఇచ్చిన 5.0, వీడియో ఇచ్చిన 12.9 తప్ప మార్పులకు ముందటి కారు జ్ఞాపకంగా నా దగ్గర ఇంకేమీ లేవు. వాటిని ఏదో ఒక విధంగా సవరించి వాడుకోవచ్చా?

పాతగేర్‌బాక్సు:

వీడియోను కొంతవరకు సవరించవచ్చు, యాప్‌ను వదిలేయండి.

స్పీడోమీటరు ఎప్పుడూ ఉన్న వేగం కంటే కొంత ఎక్కువ చూపించేలా తయారవుతుంది. ఇది తయారీ లోపం కాదు, నిబంధన. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది ప్రకారం స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపించడానికి వీల్లేదు. ఎక్కువ చూపించడానికి మాత్రం అసలు వేగంలో పదో వంతు, దానిమీద 4 కి.మీ. వరకు వీలుంది. నిజంగా 100తో పోతున్న కారులో ముల్లు 114 చూపినా అది నిబంధనకు లోబడినట్టే. మీ కారులో పాత టైర్లతో ఐదు శాతం ఎక్కువ చూపేదనుకుందాం. అప్పుడు మీరు కొలిచినది 100–200 కాదు, 95–190. ఆ రెండింటికీ కావలసిన గతిజ శక్తిలో తొమ్మిది శాతానికి పైగా తేడా ఉంది. కనుక మీ 12.9 నిజానికి 14 సెకన్లకు పైనే ఉండాలి. అంటే పాత కారు మీరనుకున్నదానికంటే నెమ్మది. మార్పుల వల్ల కలిగిన లాభం మీరనుకున్నదానికంటే ఎక్కువే.

అయితే ఆ ఐదు శాతం నా ఊహ. ఇప్పుడు కొలిచి వెనక్కి లెక్క కట్టవచ్చు. జీపీఎస్ 100 చూపినప్పుడు ముల్లు ఎంత చూపుతోందో చూసి, టైరు తేడా రెండున్నర శాతం దానికి కలపండి. ఓబీడీ పోర్టు (కారు కంప్యూటరు సమాచారం బయటికి ఇచ్చే సాకెట్టు) నుంచి తీసుకునే వేగం కూడా చక్రం తిరుగుళ్ల లెక్కే కనుక టైరు మారితే అదీ మారుతుంది, పైగా అది పూర్ణాంకాల్లో మాత్రమే వస్తుంది. రెండు అంకెల మధ్య ఏం జరిగిందో దానికి తెలియదు.

ఇక ఫోను యాప్. ఫోనులోని జీపీఎస్ చాలావాటిలో సెకనుకు ఒక్కసారే వేగం చెబుతుంది. నాలుగైదు సెకన్ల సంఘటనను ఒక్కో సెకను దూరంలో ఉన్న చుక్కలతో కొలవడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆ ఖాళీలు పూరించడానికి యాప్ ఫోనులోని త్వరణ సెన్సారును ఆశ్రయిస్తే మరొక చిక్కు. గట్టిగా తొక్కినప్పుడు కారు వెనక భాగం కుంగి ముక్కు పైకి లేస్తుంది. ఒకటిన్నర డిగ్రీ లేచినా చాలు, గురుత్వంలో కొంత భాగం ముందుకు త్వరణంలా సెన్సారుకు కనిపిస్తుంది. అది సెకనుకు సెకనుకు పావు మీటరు. నాలుగు సెకన్లు కూడబెడితే కారులో లేని గంటకు 3.7 కి.మీ. వేగం లెక్కలోకి వచ్చి చేరుతుంది. మీ పరికరం అలా కాక, ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాల పౌనఃపున్యం కారు కదలిక వల్ల ఎంత మారిందో చూసి నేరుగా వేగాన్ని కనుక్కుంటుంది. స్థానాల మధ్య దూరాన్ని కాలంతో భాగించే పద్ధతి కంటే ఇది ఎంతో మెరుగు. అద్దానికి వేడిని తిప్పికొట్టే లోహపు పూత ఉంటే మాత్రం సంకేతం బలహీనపడుతుంది కనుక, యాంటెన్నాను పైకప్పు మీద పెట్టడం శ్రేయస్కరం.

నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం నా కారుకు కొత్త ఎగ్జాస్టు వేయించి, ఆ వారమే కొలిచి, 100–200లో పావు సెకను తగ్గిందని ఎంతో సంతోషించాను. తర్వాత నోటుపుస్తకం తిరగేస్తే, మొదటి కొలతల రోజు ట్యాంకు నిండుగా ఉంది, రెండో రోజు హెచ్చరిక దీపం వెలుగుతోంది. యాభై లీటర్ల పెట్రోలు దాదాపు 37 కిలోలు. 1,500 కిలోల కారులో అది రెండున్నర శాతం. పది సెకన్లలో రెండున్నర శాతం అంటే సరిగ్గా పావు సెకను. ఎగ్జాస్టు ఇచ్చిందనుకున్నదంతా ఖాళీ ట్యాంకు ఇచ్చినదే. ఆ రోజు నుంచి నా పుస్తకంలో ప్రతి పరుగు పక్కనా పెట్రోలు మట్టం, టైరు గాలి, బయటి వేడి రాయకుండా పేజీ తిప్పను.

మీకు పాత కారు కావాలంటే అది ఇంకా మీ దగ్గరే ఉంది. ఈసీయూలో కంపెనీ మ్యాపు తిరిగి వేసుకోండి. అదే రోజు, అదే రన్‌వే, అవే టైర్లు. ముందు కొత్త మ్యాపుతో, తర్వాత పాత మ్యాపుతో రెండు దిక్కులా పరుగెత్తండి. బిగించిన భాగాల ప్రభావాన్ని ఇది వేరుచేయదు, కానీ మ్యాపు ఇచ్చినదెంతో ఏ సందేహమూ లేకుండా తేలుతుంది.

కొలతబద్ద:

పాతగేర్‌బాక్సు గారి సూచనకు నా పూర్తి మద్దతు. రెండు దిక్కుల సగటు అన్నది మనలాంటి వారి చాదస్తం కాదని చెప్పడానికి ఒక ఉదాహరణ కలుపుతున్నాను. నేల మీద వేగ రికార్డులకు అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్ఐఏ అడిగేది కూడా ఇదే. గంట లోపల ఎదురెదురు దిక్కుల్లో రెండు పరుగులు, వాటి సగటు. 1997 అక్టోబరు 15న ఆండీ గ్రీన్ థ్రస్ట్ ఎస్ఎస్‌సీ అనే జెట్ కారుతో బ్లాక్ రాక్ ఎడారిలో నెలకొల్పిన గంటకు 1,227.985 కి.మీ. రికార్డు అలా వచ్చినదే. 2017 నవంబరులో కోనిగ్‌సెగ్ అగేరా ఆర్ఎస్ నెవడాలో మూసివేసిన రహదారి మీద సాధించిన 447.19 కి.మీ. కూడా రెండు దిక్కుల సగటు. 2019లో బుగాటి షిరాన్ ఎరా లెసియన్ ట్రాకు మీద అందుకున్న 490.48 కి.మీ. ఒకే దిక్కుది. అది గొప్ప వేగమే, కానీ ఆ రెండు అంకెలనూ ఒకే వరుసలో పెట్టకూడదు.

2020 అక్టోబరులో ఎస్ఎస్‌సీ అనే అమెరికా సంస్థ కారు టువాటారా గంటకు 508 కి.మీ. సగటు సాధించిందని ప్రకటన వచ్చినప్పుడు, దాన్ని మొదట ప్రశ్నించింది వీడియో చూసిన యూట్యూబర్లే. దారి పక్కన కనిపించే రెండు గుర్తుల మధ్య దూరాన్ని పటంలో కొలిచి, కారు వాటిని దాటిన కాలంతో భాగించి, తెర మీద చూపిస్తున్న వేగం ఈ దూరంతో పొసగడం లేదని చూపించారు. మరుసటి ఏడాది ఆ సంస్థే తాము మొదట చెప్పిన వేగాన్ని అందుకోలేదని ఒప్పుకుంది. 2021 జనవరిలో అదే కారు రెండు దిక్కుల సగటుగా 455 కి.మీ. అందుకుంది. దూరాన్ని కాలంతో భాగించడం బడిలో నేర్చుకున్న లెక్కే అయినా, అంత పెద్ద ప్రకటనను నిలదీయడానికి అదే సరిపోయింది.

నాలుగోగేరు:

నిన్న పొద్దున్నే రన్‌వేకు వెళ్లి వచ్చాను. గాలి దాదాపు లేదు. అర ట్యాంకు పెట్రోలు, నాలుగు టైర్లలోనూ ఒకే ఒత్తిడి, యాంటెన్నా పైకప్పు మీద. ప్రతిసారీ మూడో గేరులో 75 దగ్గర పూర్తిగా తొక్కాను.

కొత్త మ్యాపుతో ఎనిమిది పరుగులు తీశాను. ఉత్తరం వైపు 9.98, 10.05, 10.11, 10.24. దక్షిణం వైపు 10.42, 10.47, 10.55, 10.71. అన్నింటి సగటు 10.32. తర్వాత ల్యాప్‌టాప్ పెట్టి కంపెనీ మ్యాపు వేసి, కారు బాగా చల్లారేదాకా ఆగి నాలుగు పరుగులు తీశాను. ఉత్తరం వైపు 12.98, 13.06. దక్షిణం వైపు 13.74, 13.82. సగటు 13.40. మూడు సెకన్లకు పైగా తేడా కేవలం మ్యాపు వల్ల వచ్చినదన్నమాట. కారులో కూర్చుని ఆ అంకె చూసినప్పుడు కలిగిన ఆనందం ఇక్కడ రాయలేను.

నాకు అర్థం కాని సంగతులు రెండున్నాయి. ఏ దిక్కులో చూసినా పరుగు పరుగుకూ కాలం ఎందుకు పెరుగుతూ పోయింది? రెండు దిక్కుల మధ్య తేడా కొత్త మ్యాపుతో 0.44 సెకను ఉంటే, పాత మ్యాపుతో 0.76 ఎందుకైంది? రన్‌వే మారలేదు, గాలి రాలేదు.

పాతగేర్‌బాక్సు:

మొదటిదానికి జవాబు మీ ఈసీయూ లాగ్‌లో ఉంటుంది. ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత పరుగు పరుగుకూ పెరిగి ఉండాలి. ఇంటర్‌కూలరు ఒకసారి వేడెక్కాక, తిరిగి చల్లారడానికి నెమ్మదిగా వెనక్కి నడుపుకుంటూ వచ్చిన సమయం చాలదు. గాలి వేడెక్కితే పలచబడుతుంది, నాకింగ్ (సిలిండరులో ఇంధనం అదుపు తప్పి మండడం) రాకుండా ఈసీయూ ఇగ్నిషన్‌ను వెనక్కి జరుపుతుంది, అంటే నిప్పురవ్వను కాస్త ఆలస్యంగా ఇస్తుంది. లాగ్ చూసి చెప్పండి.

నాలుగోగేరు:

చూశాను. మొదటి పరుగు మొదలైనప్పుడు ఇన్‌టేక్ గాలి 31 డిగ్రీలు, ఎనిమిదోదానికి 47 డిగ్రీలు. చివరి రెండు పరుగుల్లో రెండు సిలిండర్లలో ఇగ్నిషన్ రెండు డిగ్రీలు వెనక్కి వెళ్లింది.

వాయునిరోధం:

అయితే ఈసారి పరుగుకూ పరుగుకూ మధ్య పది నిమిషాలు బానెట్ తెరిచి ఉంచి, ఇన్‌టేక్ గాలి ఒకే ఉష్ణోగ్రతకు వచ్చాకే బయలుదేరండి. అప్పుడు మీ అంకెలు ఇంకా దగ్గరగా చేరతాయి.

మీ రెండో ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. రన్‌వేకు కంటికి కనిపించని కొద్దిపాటి వాలు ఉత్తరం వైపు ఉంది. వాలు కలిపే త్వరణం రెండు మ్యాపులకూ ఒకటే. కానీ నెమ్మదిగా త్వరణం తెచ్చుకునే కారు ఆ వాలు మీద ఎక్కువసేపు ఉంటుంది, దాని స్వంత త్వరణంలో వాలు వాటా కూడా పెద్దది. అందుకే సెకన్లలో తేడా పెరిగింది. సెకన్లను వదిలి త్వరణాల్లో చూడండి. కొత్త మ్యాపుతో ఉత్తరం వైపు సగటు త్వరణం 2.752, దక్షిణం వైపు 2.636. తేడాలో సగం 0.058, అంటే 0.59 శాతం వాలు. పాత మ్యాపుతో ఉత్తరం వైపు 2.134, దక్షిణం వైపు 2.016. తేడాలో సగం 0.059, అంటే 0.60 శాతం వాలు.

ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు వరుసల పరుగులు ఒకే రన్‌వే వాలును నూటికి రెండు వంతుల తేడా కూడా లేకుండా చెబుతున్నాయి. మీ పరికరం, మీ పద్ధతి, మీ కాలు మూడూ నిలకడగా పనిచేశాయి. 13.40 నుంచి 10.32 అని ధైర్యంగా రాసుకోండి. పక్కన బరువు 1,620 కిలోలు అనీ, టైర్లు 245/40 ఆర్18 అనీ, ఇన్‌టేక్ గాలి 31 నుంచి 47 డిగ్రీలు అనీ కూడా రాయండి.